టైగర్ ట్యాంకు పుస్తకాలు: ఆరువేల మంది, ఒక వారం

నా బల్ల మీద ఒక టైగర్ ట్యాంకు ఉంది. కంగారు పడకండి, ప్లాస్టిక్‌దే. అసలుదానిలో ముప్ఫయ్యైదో వంతు. అతికించడం అయిపోయి ఏడాది దాటింది, అడుగు రంగు కూడా వేసేశాను. మిగిలినవి పైన వేసే పచ్చ, గోధుమ రంగు మచ్చలూ, టరెట్ మీద నంబరూ. "ఆ స్టిక్కరేదో అంటించేస్తే షోకేసులో పెట్టెయ్యొచ్చు కదా" అని మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది. ఎందుకు అంటించలేదో చెప్పాలంటే కొన్ని పుస్తకాల సంగతి చెప్పాలి. కాస్త పెద్ద కథే, కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

ఈ సరదా లేనివాళ్ళకి ముందుగా వచ్చే అనుమానం: బొమ్మ చేసుకోడానికి పుస్తకాలెందుకూ అని. మా ఆఫీసులో ఒకాయన ఇదే అడిగాడు, అదీ కిట్టు ధర కంటే పుస్తకం ధర ఎక్కువని తెలిశాక. మన భాషలో చెప్తాను. టైగర్ అనేది ఒక్క వెర్షన్ కాదు. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా జర్మనీలోని కాసెల్ ఊళ్ళో హెన్షెల్ కంపెనీ 1,347 టైగర్లు చేసింది (రెండో రకం కింగ్ టైగర్ వేరే లెక్క). ఈ రెండేళ్ళూ మార్పులు జరుగుతూనే ఉన్నాయి. 1943 ఫిబ్రవరిలో బూడిద రంగు పోయి ముదురు పసుపు అడుగు రంగుగా వచ్చింది. 1943 జూలైలో కమాండర్ తల పెట్టే గుండ్రటి గూడు మారింది. అదే ఏడాది ఆగస్టు చివర్లో, అయస్కాంతపు మందుపాతర్లు అంటుకోకుండా ఒంటినిండా జిమ్మెరిట్ అనే గరుకు పూత మొదలైంది. 1944 మొదట్లో రబ్బరు అంచు చక్రాలు పోయి ఉక్కు చక్రాలు వచ్చాయి. ఉక్కు చక్రాలున్న బొమ్మకి బూడిద రంగు వేశామనుకోండి, అది ప్రపంచంలో ఎప్పుడూ లేని ట్యాంకు అవుతుంది. అంటే మనకి కావలసింది రిలీజ్ నోట్స్. హెన్షెల్ వాళ్ళు మనకోసం అవి రాసి పెట్టలేదు కదా, ఎవరో ఒకరు తవ్వి తియ్యాలి.

అలా తవ్విన మహానుభావులు కొందరున్నారు. జర్మన్ సైనిక వాహనాల మీద వరసగా పుస్తకాలు వేసిన వాల్టర్ స్పీల్‌బెర్గర్ ముందు తరం మనిషి. 1978లో పీటర్ చాంబర్లేన్, హిలరీ డోయల్ కలిసి రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ట్యాంకులన్నిటికీ ఒక ఎన్‌సైక్లోపీడియా తెచ్చారు. దానికి సాంకేతిక సంపాదకుడు అమెరికావాడైన థామస్ జెంట్జ్. ఆ తర్వాత జెంట్జ్, డోయల్ జంట మూడు సంపుటాల టైగర్ చరిత్ర, 'పాంజర్ ట్రాక్ట్స్' అనే సన్నటి పుస్తకాల వరస రాసుకుంటూ పోయారు. జెంట్జ్ 2012లో చనిపోయాడు.

జెంట్జ్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఎవరో చెప్పారని రాయడు. ఆ కాలపు ఆర్డర్లు, ఫ్యాక్టరీ కాగితాలు, యూనిట్ల రిపోర్టులు, మిగిలిన బండ్లు, ఇవే ఆధారం. డోయల్ టేపు పట్టుకుని మ్యూజియంలో బండిని కొలిచి బొమ్మ గీస్తాడు. క్లయింటు చెప్పింది కాకుండా లాగ్ ఫైల్ చూసి మాట్లాడే సీనియర్ ఒకడు ప్రతి టీములోనూ ఉంటాడు చూడండి, సరిగ్గా అలాంటివాళ్ళు.

అలా కాగితాలు చూసేసరికి 'ఎదురులేని టైగర్' అన్న మాట కొంత కరిగిపోయింది. ఫిరంగి గొప్పదే, 88 మిల్లీమీటర్లది. కవచం మందమే. కానీ 57 టన్నుల బరువు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కినట్టుండే చక్రాలు. లోపలి వరసలో ఒక్క చక్రం పాడైతే దాన్ని తియ్యడానికి బయటివి ఎన్ని ఊడదియ్యాలో! రైలెక్కించాలంటే వెడల్పు పట్టాలు తీసి సన్నవి తొడగాలి, దిగాక మళ్ళీ మార్చాలి. అవతల పక్క చూస్తే అమెరికా దాదాపు 49,000 షెర్మన్లు చేసింది, సోవియట్ యూనియన్ యుద్ధం ముగిసేలోపు 50,000 పైచిలుకు టీ-34లు చేసింది. మనలో ఎవరికైనా ఈ కథ కొత్తా? డెమోలో అదరగొట్టి, మెయింటెనెన్సులో చుక్కలు చూపించే ప్రోడక్టు.

ఇక్కడిదాకా ఒక అర. రెండో అర ట్యాంకు లోపల కూర్చున్నవాళ్ళ పుస్తకాలది. చిక్కంతా ఇక్కడే.

మోడల్ చేసేవాడు మొదట బండితో మొదలుపెడతాడు, తర్వాత "ఇది ఎవరి బండి?" అంటాడు. కిట్టు డబ్బాలోనే నాలుగైదు నంబర్ల స్టిక్కర్లుంటాయి. దాంతో 'ఏసు'ల పుస్తకాల్లో పడతాం. 1960లో ఓటో కారియస్ రాసిన ఆత్మకథ (ఇంగ్లీషులో 'టైగర్స్ ఇన్ ద మడ్') వీటిలో పేరున్నది. బురదలో కూరుకుపోయిన బండిని లాగడం, ఇంజను తిప్పలు, అన్నీ అనుభవించినవాడు రాసినట్టే ఉంటాయి. యుద్ధం తర్వాత ఆయన మందుల షాపు పెట్టుకున్నాడు, దానికీ టైగర్ అనే పేరు. 2015లో చనిపోయాడు. పుస్తకం ఉద్దేశం మాత్రం ఆయన దాచుకోలేదు: తన తోటి సైనికుల పరువు నిలబెట్టడం. ఆ సైన్యం పరాయి దేశాల్లో ఎందుకుంది అన్న ప్రశ్న అందులో వెతికితే దొరకదు.

ఇంకో మెట్టు దిగితే ఫ్రాంజ్ కురోవ్‌స్కీ. 1957 నుంచి 2013 దాకా జర్మనీలో 'డెర్ లాండ్జర్' అనే చవక యుద్ధకథల పత్రిక నడిచింది, దానికి రాసినవాళ్ళలో ఈయన ఒకడు. ఈయన 'పాంజర్ ఏసెస్' ఇంగ్లీషులోకి వచ్చి మనలాంటివాళ్ళ అరల్లోకి చేరింది. పాత్రల మాటలన్నీ పక్కనుండి విన్నట్టే రాస్తాడు. 2008లో రోనాల్డ్ స్మెల్సర్, ఎడ్వర్డ్ డేవీస్ అనే చరిత్రకారులు 'ద మిత్ ఆఫ్ ద ఈస్టర్న్ ఫ్రంట్' పుస్తకంలో, ఇలాంటి రచనలు జర్మన్ సైనికుణ్ణి ఎలా కడిగి ముత్యంలా చూపిస్తాయో వివరంగా రాశారు. నేను ఆ పుస్తకం చదివింది నా అర సగం నిండాక. మొహం మీద చెంపదెబ్బ తగిలినట్టయింది, ఎందుకంటే వాళ్ళు చెప్పే పాఠకుణ్ణి నేనే.

ఈ ఏసుల్లో అందరికంటే పేరున్నవాడు మైకేల్ విట్‌మాన్, ఎస్ఎస్ అధికారి. 1944 జూన్ 13న నార్మండీలోని విల్లేర్-బొకాజ్‌లో ఆగి ఉన్న బ్రిటిష్ వాహనాల వరస మీద పడి, పావుగంటలో డజనుకి పైగా ట్యాంకులూ బండ్లూ నాశనం చేశాడు. చివరికి అతని బండీ దెబ్బతింది, నడిచి బయటపడ్డాడు. నాజీ ప్రచారశాఖ ఆ రోజు మిగతా సిబ్బంది చేసింది కూడా అతని ఖాతాలోనే వేసింది. మొత్తం 138 ట్యాంకులన్న అంకె ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. స్టీవెన్ జలోగా (ఈయన స్వయంగా మోడల్స్ చేస్తాడు) లాంటివాళ్ళు చెప్పేదేంటంటే, సైనికులు చెప్పుకున్న లెక్కల్ని జర్మన్ ఇంటెలిజెన్సే నమ్మక సగానికి కోసేదట. మనం మాత్రం ఎనభై ఏళ్ళ తర్వాత పైసా తగ్గించకుండా నమ్ముతున్నాం.

1944 ఆగస్టు 8న విట్‌మాన్ 007 నంబరు టైగర్లో చనిపోయాడు. ఎవరు కొట్టారన్నది ఇంకా తేలలేదు. కెనడావాళ్ళు కావచ్చు, లేదా జో ఎకిన్స్ అనే బ్రిటిష్ గన్నర్ కావచ్చు. ఎకిన్స్ ఆ ఒక్కరోజే షెర్మన్ ఫైర్‌ఫ్లై నుంచి మూడు టైగర్లు కొట్టాడు. తర్వాత అతన్ని వైర్‌లెస్ పనికి మార్చారు, మళ్ళీ ట్యాంకు ఫిరంగి పేల్చలేదు. యుద్ధం అయ్యాక బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసుకున్నాడు. విట్‌మాన్ మీద లావుపాటి పుస్తకాలున్నాయి. ఎకిన్స్ గురించి నాకు తెలిసింది కూడా వాటి చివరి పేజీల్లోనే.

నేను అంటించాలనుకున్న నంబరు ఆ 007. జేమ్స్ బాండ్ నంబరు కదా, సరదాగా ఉంటుందనుకున్నాను. ఈలోపు ఆ బెటాలియన్ చరిత్ర చూశాను. అదే బెటాలియన్ కొత్త నంబరుతో 1944 డిసెంబరులో పైపర్ దళంలో ఉంది. బెల్జియంలో మాల్మెడీ దగ్గర, లొంగిపోయిన 84 మంది అమెరికన్ సైనికుల్ని కాల్చి చంపింది ఆ దళమే. నా ఏసుల పుస్తకాల్లో ఫలానా బండికి రోజుకో ఫోటో ఉంది, దీనికి మాత్రం రెండు లైన్లు, అవీ నీళ్ళు నమిలినట్టు.

ఇది మనకి సంబంధం లేని యుద్ధం అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ మ్యూజియంలో ఇప్పటికీ నడిచే టైగర్ 131 ఉంది, 2014లో వచ్చిన 'ఫ్యూరీ' సినిమాలో కనబడేది అదే. అది 1943 ఏప్రిల్లో ట్యునీషియాలో దొరికింది. ఆ మరుసటి నెల 12న అక్కడి జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ పట్టుబడింది మన 4వ ఇండియన్ డివిజన్‌కి. ఆ డివిజన్లో మద్రాస్ శాపర్స్ కంపెనీలున్నాయి. శాపర్స్‌లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ చేరేవారు. మందుపాతర్లు ఏరి దారి చేసేది వాళ్ళే. ఏసుల పుస్తకాల్లో వాళ్ళు 'శత్రువు' అనే ఒక్కమాటలో కలిసిపోతారు.

చివరిగా అసలు విషయం. 1943లో టైగర్ సిబ్బందికి 'టైగర్‌ఫిబెల్' అనే మాన్యువల్ ఇచ్చారు. ప్రాసపద్యాలు, కార్టూన్లు, అమ్మాయి బొమ్మలతో కుర్రాళ్ళు నవ్వుతూ నేర్చుకునేలా చేశారు. మాన్యువల్ ఎలా రాయాలో చెప్పడానికి మనవాళ్ళకి చూపించొచ్చు, అంత బాగుంటుంది. అందులో ఒకచోట లెక్క చెప్తారు: ఒక్క టైగర్ ఖరీదు 8 లక్షల మార్కులు, 3 లక్షల పనిగంటలు, అంటే ఆరువేల మంది ఒక వారం మీకోసం పనిచేశారు, కాబట్టి బండిని జాగ్రత్తగా చూసుకోండి అని.

ఆ ఆరువేల మంది ఎవరు? అది మాన్యువల్ చెప్పదు. హెన్షెల్ కర్మాగారాల్లో అప్పటికే ఆక్రమిత దేశాల నుంచి తెచ్చిన బలవంతపు కూలీలు వేలల్లో ఉన్నారు. ఏ నెలలో ఏ చక్రం మారిందో నా పుస్తకాలు చెప్తాయి. ఆ చక్రం బిగించిన మనిషికి ఇంటికి పోయే వీలుందో లేదో చెప్పవు. జెంట్జ్‌ని తప్పుపట్టడం లేదు, ఆయన రాస్తానన్నది ఆయన నిజాయితీగా రాశాడు. పక్కన ఇంకో పుస్తకం పెట్టుకోవాల్సింది చదివే నేనే.

ఈ సరదా మానేయమని నేను చెప్పను, నేనూ మానలేదు. కానీ ఏసుల పుస్తకం ఒకటి కొంటే, ఆ యూనిట్టు ఇంకేం చేసిందో చెప్పే పుస్తకం కూడా ఒకటి చదవాలని నియమం పెట్టుకున్నాను.

నా టైగర్‌కి 007 అంటించడం లేదు. మచ్చలు కూడా వెయ్యను. అప్పట్లో ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు బండికి పసుపు రంగు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మచ్చలూ నంబర్లూ యూనిట్లు వేసుకునేవి. అంటే నా బల్ల మీదున్నది ఏ విట్‌మాన్‌దీ కాని టైగర్, ఆ ఆరువేల మంది చేతుల్లోంచి అప్పుడే బయటికొచ్చినది. అలాగే షోకేసులో పెట్టేశాను. మొన్న ఆ ఆఫీసాయన ఇంటికొచ్చి "నంబరేదీ?" అన్నాడు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను పాపం.

మీలో ఎవరికైనా ఈ పిచ్చి ఉంటే, మీ బండి మీద ఎవరి నంబరుందో ఒకసారి చూసుకోండి.