ట్రాలీ బండి, దాని ఇంజిను: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చిన్న సరుకు రవాణా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ‘ట్రాలీ’ అంటే టన్నున్నర దాకా సరుకు మోసే చిన్న బండి. వెనక డబ్బా ఉన్న మూడు చక్రాల ఆటో అయినా, టాటా ఏస్ అయినా, బొలెరో పికప్ అయినా జనం నోట అది ట్రాలీయే. అంతకంటే పెద్దదై, లారీ కంటే చిన్నదైతే ‘డీసీఎం’. 2016 అక్టోబర్ 11 వరకు ఈ మూడు పట్టణాలూ కరీంనగర్ జిల్లాలోవే. ఆ రోజు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు వేరైనా ఊళ్ల మధ్య సరుకు తిప్పే బండ్లు అవే.

చిన్న మోటారు బండ్లు రాకముందు చేను నుంచి ఇంటికి, ఇంటి నుంచి అంగడికి ధాన్యం, పసుపు మోసింది ఎడ్లబండి. దూరపు సరుకంతా లారీది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీ 1980లలో పూడడం మొదలైంది. ఆ దశాబ్దంలో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో నాలుగు తేలికపాటి ట్రక్కులు దేశంలోకి వచ్చాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీటిలో ఆల్విన్ నిస్సాన్ తెలుగు నేల మీదే, జహీరాబాద్‌లో తయారైంది. హైదరాబాద్ ఆల్విన్ పెట్టిన ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం టొయోటా కంపెనీ కనుమరుగైనా, దాని పేరు మాత్రం తెలంగాణలో ఆ తరహా బండ్లన్నిటికీ స్థిరపడిపోయింది.

ఈ బండ్లన్నీ డీజిల్‌వే. డీజిల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందువల్ల అదే లీటరు ఇంధనంతో పెట్రోలు ఇంజిను కంటే ఎక్కువ దూరం లాగుతుంది. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా బలం దొరుకుతుంది కాబట్టి నిండు లోడుతో బండి కదలడం తేలిక. డ్రైవర్లు ‘పికప్’ అనేది ఈ గుణాన్నే. దీనికి తోడు అప్పట్లో ప్రభుత్వం ధర అదుపు చేయడం వల్ల డీజిల్ చవకగా ఉండేది. కాబట్టి ఆ రోజుల్లో కొనేవాడికి ఇంజిన్ల మధ్య ఎంపిక అన్నదే లేదు.

1999లో పియాజియో కంపెనీ ఆపే మూడు చక్రాల బండిని భారత మార్కెట్లోకి తెచ్చింది. ఒకే సిలిండర్ ఉన్న డీజిల్ ఇంజినుతో వచ్చిన ఈ తరహా ఆటోలు చిన్న పట్టణాల్లో సరుకు పనికి బాగా కుదిరాయి. ఇరుకు గల్లీలో ఇట్టే మలుపుకోవచ్చు, కిస్తీ తక్కువ. అయితే మూడు చక్రాల మీద బరువైన లోడుతో హైవే ఎక్కడం ప్రమాదం.

ఆ లోటును 2005 మేలో వచ్చిన టాటా ఏస్ తీర్చింది. ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల 1,405 సీసీ డీజిల్ ఇంజిన్ను సగానికి తగ్గించి, రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్‌గా మలిచారు. శక్తి 16 హార్స్‌పవర్. మోసే బరువు ముప్పావు టన్ను. ధర రెండుంబావు లక్షల రూపాయల దరిదాపు. ఆటో నడిపినవాడు నాలుగు చక్రాల బండికి యజమాని కావడం అప్పటి నుంచే సాధ్యమైంది.

మూడు పట్టణాల్లో ఆ బండికి దొరికిన పని మాత్రం ఒకే తీరుది కాదు. సిరిసిల్లది మరమగ్గాల ఊరు. అక్కడి వాళ్లు వాటిని సాంచాలు అంటారు. బీముకు నూలు చుట్టే వార్పిన్ షెడ్డు నుంచి బరువైన బీము ట్రాలీ ఎక్కుతుంది. బీవై నగర్ లాంటి వాడల్లో సాంచాల షెడ్డు ముందు దిగుతుంది. నేసిన గుడ్డ తిరిగి అదే ట్రాలీ మీద వెళుతుంది. దూరం కిలోమీటరో, రెండో. ఇంజిను వేడెక్కకముందే ఆగిపోతుంది. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక ఈ తిరుగుడు ఇంకా పెరిగింది.

జగిత్యాలలో ఎండాకాలం మామిడిది. తోటల నుంచి చల్‌గల్ మార్కెట్‌కు కాయ ట్రాలీల మీద వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరాదికి లారీలు వెళతాయి. కాయ మగ్గకముందే చేర్చాలి కాబట్టి ఆ రెండు నెలలు ట్రాలీకి రాత్రీ పగలూ తేడా లేదు. ఏడాదిలో మిగతా రోజులు వేరే కిరాయి వెతుక్కోవాలి. కోరుట్ల వైపు పసుపు, ధాన్యం బస్తాలు 63వ నంబరు జాతీయ రహదారి మీద మెట్‌పల్లికో, నిజామాబాద్‌కో పోతాయి. బీడీ కార్ఖానాల నుంచి పల్లెలకు వెళ్లే ఆకు, తంబాకు మాత్రం తేలిక సరుకు, రోజువారీ తిరుగుడు. నిండు బస్తాల లోడుతో పెద్ద రోడ్డు మీద పోయే బండికీ, ఆకు కట్టలతో ఊరూరా ఆగే బండికీ ఒకే ఇంజిను సరిపోదు.

కంపెనీలు ఈ తేడాను గుర్తించి రకాలు పెంచాయి. 2015లో జహీరాబాద్ కర్మాగారం నుంచే మహీంద్రా జీతో వచ్చింది. ఒకే సిలిండర్ డీజిల్ ఇంజినును 11, 16 హార్స్‌పవర్లలో, వేర్వేరు పొడవుల డబ్బాలతో అమ్మారు. 2016లో మారుతి సూపర్ క్యారీ 793 సీసీ డీజిల్‌తో వచ్చింది. రెండేళ్లకు దానికి పెట్రోలు, సీఎన్‌జీలతో నడిచే 1.2 లీటర్ల ఇంజిను తోడైంది. బరువు ఎక్కువ మోసేవారు రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజినున్న బొలెరో పికప్ వైపు వెళ్లారు.

ఈలోగా డీజిల్‌కున్న ధర ఆసరా తగ్గిపోయింది. 2012 మేలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటినప్పుడు డీజిల్ 41 రూపాయలలోపే ఉంది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఆ తేడా పన్నెండు రూపాయల దగ్గర నిలిచింది. ముప్పై రూపాయల తేడా ఉన్నప్పుడు డీజిల్ బండి ఖరీదులో ఎక్కువ పెట్టిన సొమ్ము త్వరగా తిరిగొచ్చేది. పన్నెండు రూపాయల తేడాతో అంత సొమ్ము రాబట్టాలంటే బండి చాలా దూరం తిరగాలి.

రెండో దెబ్బ 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనలది. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. పొగలోని మసిని పట్టే జల్లెడ డీజిల్ బండ్లకు అవసరమైంది. చిన్న ఇంజినుకు ఈ అమరిక ఖర్చు భారం. పైగా పట్టిన మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. నిజామాబాద్ దాకా పోయే బండిలో అది దానంతటదే జరుగుతుంది. సిరిసిల్ల గల్లీలో కిలోమీటరుకోసారి ఆగే బండిలో మసి పేరుకుపోతుంది. మారుతి తన చిన్న డీజిల్‌ను ఆపేసింది. టాటా అదే ఏడాది ఏస్ గోల్డ్‌ను 694 సీసీ పెట్రోలు ఇంజినుతో తెచ్చింది. దాని శక్తి 30 హార్స్‌పవర్, అంటే మొదటి ఏస్‌కు దాదాపు రెట్టింపు.

2022లో ఏస్ కరెంటు బండి వచ్చింది. 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల లోడు, పరీక్షల్లో తేలిన దూరం 154 కిలోమీటర్లు. విద్యుత్ మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలంతో లాగుతుంది, ఆగిన చోట ఇంధనం కాల్చదు. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ చిన్న సరుకు బండ్లనూ అందులో చేర్చింది. 2025 జూన్‌లో ఏస్ ప్రో వచ్చినప్పుడు దాని పెట్రోలు రకం ధర 3.99 లక్షలు ఉండేది. సీఎన్‌జీతో పాటు కొంత పెట్రోలు కూడా ఉంచుకునే రకం 4.99 లక్షలు, కరెంటు రకం 6.50 లక్షలు ఉండేవి.

ఇరవై ఏళ్ల కింద ట్రాలీ కొనేవాడు అడిగినవి ధర, కిస్తీ, మైలేజీ. ఇప్పుడు వాటికంటే ముందు రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు అన్న లెక్క తేలాలి. బీములు మోసే గల్లీ బండికి పెట్రోలు గానీ, రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే కరెంటు గానీ కుదురుతాయి. ఊరూరా తిరిగే తేలిక సరుకుకు, దారిలో బంకు దొరికే చోట సీఎన్‌జీ కలిసొస్తుంది. పసుపు బస్తాలతో హైవే పట్టే బండికి, నిండు మామిడి లోడుతో రాత్రంతా తిరిగే బండికి డీజిల్ ఇప్పటికీ తగినదే.