బంగూ మిల్లుపనివారి ఫుట్‌బాలు క్లబ్బు

చరిత్రమనగా రాజుల జయాపజయములే యని తలచువారు మనలో నింకను కొందరు గలరు. పనివారు తమ విరామకాలమున నాడుకొన్న యాటకును చరిత్రము గలదనియు, అందు నొక సంఘముయొక్క న్యాయాన్యాయములు బయల్పడుననియు చూపుటకు బ్రెజిలు దేశములోని బంగూ క్లబ్బు చక్కని దృష్టాంతము. రియో డి జనీరో నగరపు క్లబ్బులలో ఫ్లమెంగో, ఫ్లుమినెన్సె, వాస్కో డ గామా యనునవి లోకప్రసిద్ధములు. బంగూ పేరు ఆ దేశమునకు వెలుపల నెఱిగినవా రరుదు.

బంగూ యనునది ఆ నగరమునకు పడమటిదిక్కున దూరముగా నున్న యొక పేట. 1889లో నేర్పడిన యొక కంపెనీ యచ్చట పెద్ద బట్టలమిల్లును కట్టించెను. మిల్లుపని నేర్పుటకు బ్రిటనునుండి నిపుణులు వచ్చిరి. వారిలో స్కాట్లండువాడగు తామస్ డానహో యనునతడు 1894లోనే బంతి తెప్పించి తోడివారితో నాడెనని చెప్పుదురు. 1904వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన మిల్లువారు క్లబ్బును స్థాపించిరి.

ఆ దేశమున బానిసత్వము చట్టముచే రద్దయినది 1888లో. క్లబ్బు పుట్టునాటికి అప్పటినుండి పదునాఱేండ్లు మాత్రమే గడచినవి. సంకెలలు తెగినవి గాని చిన్నచూపు తెగలేదు. నాడు రియోలో ఫుట్‌బాలు శ్రీమంతుల బిడ్డల వేడుక. ఫ్లుమినెన్సె వంటి క్లబ్బులలో కూలివానికిగాని నల్లవానికిగాని చోటు లేదు.

బంగూలో పరిస్థితి వేఱు. మిల్లులోని ఆంగ్లేయులు కొలదిమంది. వారు తమలో తామే ఆడుకొనవలెనన్నచో రెండు జట్లు కూడవు. పట్టణము దూరమగుటచే నచ్చటి దొరలు వచ్చి చేరుటయు దుర్ఘటము. కావున మగ్గములకడ పనిచేయువారినే పిలిచిరి. 1905 మే 14వ తేదీన ఫ్లుమినెన్సెతో నాడిన జట్టులో ఆంగ్లేయులతోను, ఇటలీవారితోను, పోర్చుగీసువారితోను గలసి ఫ్రాన్సిస్కో కారెగాల్ అను నల్లజాతి నేతపనివాడు నిలిచెను. బంగూ 5–3గా గెలిచెను. ఆ జట్టులో నందఱికంటె చక్కని దుస్తులు ధరించినవాడు కారెగాలేయని మారియో ఫీల్యో అను పత్రికారచయిత, బ్రెజిలు ఫుట్‌బాలులో నల్లవారి స్థితిని గూర్చి 1947లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. తెల్లవాడు మాసినబట్టతో వచ్చినను ఆటగాడే. నల్లవాడు తన యర్హతను బట్టలతో గూడ చాటుకొనవలసి వచ్చెను.

ఇది కేవలము యజమానుల యౌదార్యమని పొగడుట సత్యము గాదు. జట్టు గెలిచిన మిల్లుబట్టకు పేరు వచ్చును; పనివారు ఆటపై మనసుంచిన మిల్లున క్రమము నిలుచును. బాగుగ నాడువారికి తేలికపని యిచ్చి, సాధనకై వేళకు ముందే విడుచుచుండిరి. అవసరమే తలుపు తెఱచినది. కాని యట్లు తెఱచిన తలుపును మరల మూయుమని యితరు లడిగినపుడు ఏమి చేసిరన్నదే పరీక్ష.

ఆ పరీక్ష 1907లో వచ్చెను. నగరపు క్లబ్బుల లీగు, వర్ణముగల జనులను ఆటగాండ్రుగా నమోదు చేయరాదని తీర్మానించెను. బంగూ తన పనివారిని విడువక లీగునే విడిచెను. దానివలన పెద్ద పోటీలును కీర్తియు దూరమయ్యెను. కాని క్లబ్బు తన్ను తాను పోగొట్టుకొనలేదు. 1923లో వాస్కో క్లబ్బు నల్లవారితోను కార్మికులతోను గూడిన జట్టుతో విజేతయై, 1924లో వారిని తొలగింపుమన్న పెద్దక్లబ్బుల కోరికను త్రోసిపుచ్చెను. ఆ ధైర్యమును లోకము మెచ్చినది, మెచ్చవలసినదే. దానికి పదునేడేండ్లు ముందే యొక మిల్లుపేట చేసిన త్యాగమును మాత్రము మఱచుట తగదు.

1933లో రియోలో మొదటిసారి జీతముగొని యాడు ఆటగాండ్ర పోటీ జరిగెను. తుదియాటలో బంగూ 4–0గా గెలిచి విజేతయయ్యెను. ఓడినది ఆ ఫ్లుమినెన్సెయే. బంగూలో బుట్టి, ఆ క్లబ్బులోనే యాట నేర్చిన దొమింగోస్ డ గియా యను నల్లజాతి యోధుడు ఉరుగ్వే, అర్జెంటీనా దేశముల క్లబ్బులలో గూడ విజేతయై, 1938 ప్రపంచపోటీలో బ్రెజిలు పక్షమున నాడెను.

తరువాతి చరిత్రము మిశ్రమము. 1966లో ఫ్లమెంగోను 3–0గా నోడించి రెండవసారి రియో విజేతయయ్యెను. ఆ యాట కొట్లాటతో ముగిసెను. 1985లో జాతీయపోటీ తుదియాటలో కొరిచీబాతో 1–1గా సమమై, పెనాల్టీలలో 6–5గా ఓడెను. ఆ దినములలో క్లబ్బును పోషించిన కాస్టోర్ డ అంద్రాజి ధనము చట్టవిరుద్ధమగు లాటరీజూదమునుండి వచ్చినది. 1993లో నతనికి శిక్షపడెను. జూదపుసొమ్ముతో వచ్చిన వైభవము నిలువలేదు.

మిల్లు భవనములో 2007నుండి పెద్ద అంగళ్ల సముదాయము నడచుచున్నది. మగ్గముల చప్పుడు లేదు. 1947లో తెఱచిన క్లబ్బు మైదానపు పేరున మాత్రము మిల్లు నడపిన సిల్వేరా కుటుంబపు నామముతోపాటు ‘కార్మిక’ అను మాటయు గలదు. యజమానియు పనివాడును ఒకే పేరున నిమిడిన ఆ మైదానమునందు గెలిచిన పతకములు కొన్నియే. అయినను పతకములను మాత్రమే లెక్కించువాడు 1907లో క్లబ్బు వదలుకొన్నదానిని లెక్కింపజాలడు. ఒక మనుష్యుని వెలివేసి పొందు పంక్తిలో స్థానముకంటె, అతనితో గూడ బయట నుండుటయే మేలని ఆ పనివారు తలచిరి. సంఘసంస్కరణమును గోరు ప్రతివారును ఈ చిన్న క్లబ్బునుండి నేర్వదగినది ఇదియే.