తల ముగ్గుబుట్ట కాకముందు

తెల్లజుట్టు విషయంలో వరాహమిహిరుడికి మొహమాటమే లేదు. జుట్టు నెరిసినవాడికి పూలదండలు, పరిమళాలు, మంచి బట్టలు, నగలు ఏవీ నప్పవని, కాబట్టి కంటికి కాటుక పెట్టుకున్నంత శ్రద్ధగా తలకు రంగు వేసుకోవాలని ‘బృహత్సంహిత’లో తీర్మానించేశాడు. ఆరో శతాబ్దంలో ఉజ్జయినిలో కూర్చుని గ్రహాల గతులు లెక్కగట్టిన పండితుడాయన. వేసుకోవాలా, మానాలా అనే మీమాంస జోలికే పోలేదు. ఎలా వేసుకోవాలో మాత్రం వివరంగా రాశాడు.

అరికెల బియ్యాన్ని ఇనప పాత్రలో పులిసిన ద్రవం పోసి, ఇనప రజను కలిపి ఉడికించాలి. మెత్తగా నూరి తలకు పట్టించి, పైన తడి ఆకులు చుట్టుకుని రెండు జాములు కూర్చోవాలి. దాన్ని తీసేసి ఉసిరిక ముద్ద పెట్టి, మళ్లీ ఆకులు చుట్టి, ఇంకో రెండు జాములు ఓపిక పట్టాలి. అప్పుడు కడిగితే తల నల్లబడుతుంది. మొత్తం పన్నెండు గంటల పని! ఆ తర్వాత ఇనుము కంపు వదలడానికి సుగంధద్రవ్యాలతో తలస్నానం అదనం.

ఇందులో మాయ ఏమీ లేదు. పులుపు తగిలి ఇనుము కరుగుతుంది. అది ఉసిరిలోని టానిన్లతో కలిస్తే నల్లటి పదార్థం తయారవుతుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు రాతకోతలకు వాడిన నల్లసిరా కూడా ఇలా పుట్టిందే. ఇప్పటికీ గోరింటాకు పొడిని టీ డికాక్షన్‌తో, ఉసిరిపొడితో కలిపి ఇనప మూకుట్లో రాత్రంతా నానబెట్టేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వరాహమిహిరుడి పేరు వినకపోయినా వాళ్లది ఆయన దారే. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్లవెంట్రుకలు నారింజరంగుకు తిరుగుతాయి. దాన్ని ముదురు గోధుమరంగుకు దించే పనిలో మూకుడికీ వాటా ఉంది.

రోమన్లు ఇనుము బదులు సీసాన్ని నమ్ముకున్నారు. సీసం, సున్నం కలిపిన ముద్ద వెంట్రుకలోని గంధకంతో చర్య జరిపి లోపలే నల్లని సీసపు సల్ఫైడ్‌గా మారుతుంది. ఒకటో శతాబ్దపు రచయిత ప్లినీ రాసిన పద్ధతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. జలగలను పుల్లటి ద్రాక్షరసంలో వేసి, సీసపు పాత్రలో రోజుల తరబడి కుళ్లబెట్టాలట. ఆ రంగు ఎంత ఘాటైనదంటే, వేసుకునేటప్పుడు నోట్లో నూనె పుక్కిటపట్టకపోతే పళ్లు కూడా నల్లబడతాయట. అయినా వేసుకున్నారు. మగవాళ్లు రోజూ దువ్వుకుంటూ కొద్దికొద్దిగా నలుపెక్కించుకునే రంగుల్లో సీసపు లవణం మొన్నమొన్నటి దాకా ఉంది. దాన్ని జుట్టురంగుల్లోంచి తీసేయాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిర్ణయించింది 2018లో.

ఇప్పుడు అంగడిలో దొరికే డబ్బా కథ మొదలైంది బొగ్గు తారులో. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోతే ఊదారంగు చేతికొచ్చింది. దాంతో కృత్రిమ రంగుల పరిశ్రమకు తలుపులు తెరుచుకున్నాయి. ఆ తోవలోనే పారాఫినైలీన్ డయమిన్ బయటపడింది. క్లుప్తంగా పీపీడీ. అసలు దానికి రంగే లేదు. అమ్మోనియా వెంట్రుక పొలుసులను విప్పుతుంది, పీపీడీ లోపలికి దూరుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవై, రంగు తేలి, ఇక బయటికి రాలేక అక్కడే ఉండిపోతాయి. అందుకే ఎన్నిసార్లు తల రుద్దుకున్నా డై పోదు.

1907లో పారిస్‌లో యూజీన్ షూలెర్ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త రంగులు కలిపి క్షురకులకు అమ్మడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు పెట్టిన కంపెనీకి ‘హానిచేయని జుట్టురంగుల ఫ్రెంచి సంస్థ’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. హాని లేదని బోర్డు మీదే రాసుకోవలసి వచ్చిందంటే జనం ఎంత భయపడేవారో ఊహించుకోవచ్చు. నేటి లోరియాల్ అదే.

ఆ భయం ఉత్తదేమీ కాదు. 1933లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన ఆడవాళ్లకు చూపు పోయింది. అందులో ఉన్నది పీపీడీ జాతి రసాయనమే. ఇలాంటి ఘోరాల వల్లే 1938లో అక్కడ సౌందర్య సాధనాలను కూడా చట్టం కిందికి తెచ్చారు. తలకు వేసే తారురంగులకు మాత్రం మినహాయింపు దొరికింది. ముందుగా చర్మం మీద పరీక్షించుకోమన్న హెచ్చరిక అచ్చువేస్తే చాలన్నారు. డబ్బాలో మడతపెట్టి ఉండే, ఎవరూ చదవని కాగితం పూర్వచరిత్ర ఇదీ.

అమెరికాలో 1950ల్లో కూడా రంగు వేసుకునే ఆడవాళ్లు నూటికి ఏడుగురేనని అంచనా. సినిమావాళ్లో, పేరుచెడినవాళ్లో వేసుకుంటారని లోకాభిప్రాయం. నెరుస్తున్న గోధుమరంగు జుట్టుతో నడివయసు గృహిణి సెలూన్‌కు పోవాలంటే వెనకదారి వెతుక్కోవలసిందే. అప్పుడొచ్చింది మిస్ క్లెయిరాల్. పాత రంగు తీయడం, కొత్తది ఎక్కించడం ఒకే విడతలో, ఇరవై నిమిషాల్లో. 1956లో న్యూయార్క్ ప్రదర్శనలో దాన్ని చూపించినప్పుడు చూడవచ్చిన క్షురకులు నమ్మలేదు. తెరచాటున ఏదో చేస్తున్నారని అనుమానించారు. దాంతో కంపెనీవాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చి అందరి ముందే తలలు కడిగి చూపించారు.

రంగు తయారైంది సరే, సిగ్గు మాటేమిటి? ఆ పని షిర్లీ పోలికాఫ్ అనే ప్రకటనల రచయిత్రికి పడింది. ఆమె రాసిన ప్రకటన ఏమీ చెప్పదు, అడుగుతుంది: ఈవిడ వేసుకుందా, లేదా? కాబోయే అత్తగారు తనను చూసి కొడుకును గుసగుసగా అడిగిన ప్రశ్ననే ఆమె ప్రకటనగా మార్చింది. ఇంగ్లీషులో దానికి రెండర్థాలున్నాయని ‘లైఫ్’ పత్రిక మొదట వేయనంది. ఆఫీసులోని ఆడవాళ్లను వాకబు చేస్తే, తమకు అలాంటి అర్థమేమీ స్ఫురించలేదన్నారట. బొమ్మల్లో వయ్యారి భామలకు బదులు పక్కన పిల్లలున్న తల్లులను పెట్టారు. 1970లకల్లా రంగు వేసుకునేవాళ్లు నూటికి నలభై దాటారు.

పోలికాఫ్ చేసిన మేలూ, కీడూ రెండూ ఇక్కడే ఉన్నాయి. సిగ్గు పోగొట్టింది. దాంతోపాటే తెల్లజుట్టు కనిపిస్తే అశ్రద్ధ అనే కొత్త సిగ్గు అంటుకుంది. 2022లో కెనడా టీవీ వార్తల్లో ముప్పై అయిదేళ్ల అనుభవమున్న లీసా లాఫ్లామ్‌ను సీటీవీ తప్పించినప్పుడు గొడవంతా జుట్టు మీదికే మళ్లింది. కరోనా కాలంలో ఆమె రంగు మానేసి నెరిసిన తలతోనే వార్తలు చదివింది. అదే కాలంలో వెండితెర మీద మగవాళ్లకు ‘సాల్ట్ అండ్ పెప్పర్’ ఫ్యాషన్. తమిళ నటుడు అజిత్ నెరిసిన తలతో నటించిన ‘మంకాత్తా’ 2011లోనే వచ్చింది. తెల్లజుట్టు ఒకరికి హుందా, ఇంకొకరికి వయసైపోయినట్టు. ఇది రసాయన శాస్త్రం తేల్చే తగువు కాదు.

మిగతా లెక్క తేలికే. వెంట్రుక నెలకు ఇంచుమించు సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నాలుగు వారాలకే పాపిట్లో తెల్లగీత తేలుతుంది. నలభై అయిదో ఏట మొదలుపెట్టి అరవై అయిదు దాకా నెలకోసారి వేస్తే 240 సార్లు. గోధుమరంగు జుట్టుకు తెలుపు తేడా కాస్త కలిసిపోతుంది, నల్లజుట్టులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. యాభై దాటాక కారునలుపు వేస్తే మొహం ఒక వయసు, తల ఒక వయసు చెబుతాయి. వేసుకోదలచినవాళ్లకు ముదురు గోధుమరంగే మేలు. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ రోజూ రంగులు పూసే సెలూన్ పనిని క్యాన్సర్‌కు దారితీసే అవకాశమున్న వృత్తుల్లో చేర్చింది. సొంతానికి వేసుకునేవాళ్ల విషయంలో తేల్చడానికి ఆధారాలు చాలవంది.

గంటలో నల్లబడుతుందని చెప్పే ‘మెహందీ’ పొట్లం కొనేముందు వెనక అచ్చేసిన పదార్థాల పేర్లు చదవండి. గోరింటాకు తనంతట తాను నలుపు ఇవ్వదు, అందులో పీపీడీ ఉందేమో చూడండి. పెళ్లిళ్లలో నల్లమెహందీ పెట్టించుకుని ఎప్పుడైనా చేతులు పొక్కినవాళ్లు చర్మవైద్యుణ్ని అడగందే డై జోలికి పోవద్దు. మిగతావాళ్లు మోచేతి మడతలో చుక్క రాసుకుని 48 గంటలు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే తలకు పెట్టండి.