ఆగిన ఏడు గంటలు

ఇంగ్లండ్ నడిమధ్యన, డెర్బీషైర్‌లో ఒక కొండలోయ ఈడేల్. నడి జనవరిలో అక్కడ పొద్దు పొడిచేసరికి ఎనిమిది దాటుతుంది. 2019 జనవరి 13, ఆదివారం ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి, ఇంకా మసక చీకటిగా ఉండగానే, వందమందికి పైగా మనుషులు వీపున సంచులు తగిలించుకుని ఉత్తరంగా కదిలారు. చేరవలసిన ఊరు స్కాట్లండ్ సరిహద్దు దాటాక వచ్చే కర్క్ యెథోమ్. మధ్యలో 431 కిలోమీటర్లు. గడువు ఏడు రోజులు. దారి పొడుగునా ఎక్కే ఎత్తులన్నీ కూడితే ఎవరెస్టును మించిపోతాయి.

దీన్ని స్పైన్ రేసు అంటారు. 2012లో మొదటిసారి పెట్టినప్పుడు చివరిదాకా చేరింది ముగ్గురే. 2015లో గాలి ముదిరితే నిర్వాహకులే రేసును మధ్యలో ఆపవలసి వచ్చింది. ఎండాకాలంలో పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఈ రేసుకు రారు.

ఆ గుంపులో ముప్పై ఐదేళ్ళ జాస్మిన్ పారిస్ ఉంది. పశువైద్యురాలు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఒక రకం రక్త క్యాన్సర్ మీద పరిశోధన చేసి థీసిస్ రాస్తోంది. ఇంట్లో పద్నాలుగు నెలల కూతురు. ఈ పాటికి పాలు మాన్పించి ఉండాలనే ఆమె లెక్క. కానీ క్రిస్మస్ రోజుల్లో పాపకు వరసగా జబ్బు చేసింది. ఒంట్లో బాగాలేని పసిదాన్ని అప్పుడు మాన్పించడం కుదరలేదు. పాలిచ్చే తల్లి ఉన్నట్టుండి మూడు నాలుగు రోజులు ఆపేస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో ఏ పెద్దావిడను అడిగినా చెబుతుంది: పాలు గడ్డకడతాయి, రొమ్ము వాచి సలుపుతుంది, జ్వరం తగులుకుంటుంది. అందుకని ఈ రేసు సామాన్లలో పాలు తీసే పంపు కూడా ఒకటి చేరింది.

రేసు నిబంధనల్లో ఒకటి బుర్రలో పెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. గడియారం ఆగదు. తిన్నా, పడుకున్నా, మేజోళ్ళు మార్చుకున్నా, దారి పక్కన కూలబడి ఏడ్చినా అది నడుస్తూనే ఉంటుంది. రోజుకింత దూరం, రాత్రి విశ్రాంతి అనే పద్ధతి లేదు. దారిలో అయిదు పెద్ద చెక్‌పాయింట్లు ఉంటాయి. అక్కడ వేడి తిండి, పడుకోవడానికి చోటు, ముందే అప్పగించిన ఒక సంచి దొరుకుతాయి. మొదటిది హెబ్డెన్ దగ్గర, దాదాపు 74 కిలోమీటర్ల తర్వాత. రెండోది హాస్‌లో, ఇంకో 98 కిలోమీటర్లు పోయాక. ఎక్కడ ఎంతసేపు ఆగాలన్నది చాలావరకు ఎవరిష్టం వాళ్ళది. ఈ స్వేచ్ఛే చాలామంది కొంప ముంచుతుంది.

ఊరు దాటగానే జేకబ్స్ ల్యాడర్ అనే నిట్రమైన ఎక్కుడు, దాని పైన కిండర్ పీఠభూమి. చెట్టన్నది కనిపించదు. కురచ గడ్డి, హెదర్ పొదలు, వాటి కింద నల్లటి పీట్ నేల. వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళని నాచు పొరలు పొరలుగా పేరుకుని, ఒంటినిండా నీళ్ళు పట్టి ఉంచే నేల అది. గట్టిగా కనిపించిన చోట అడుగేస్తే మోకాలు దాకా దిగిపోవచ్చు. అక్కడే ఒక జలపాతం ఉంది. పడమటి గాలి గట్టిగా కొట్టిన రోజున దాని నీళ్ళు కిందికి పడవు, పైకే చిమ్ముతాయి. అలాంటి గాలికి ఎదురు నిలిచి కాదు, దానితోపాటు ఒరిగి పరిగెత్తడం నేర్చుకోవాలి.

జాస్మిన్‌కు ఇదంతా చిన్నప్పటి నుంచీ తెలిసిన నేల. ఆమె పెరిగిన హ్యాడ్‌ఫీల్డ్ ఈ కొండల అంచునే ఉంటుంది. పైగా ఆమె ఆట రోడ్డు మారథాన్ కాదు, ఇంగ్లండ్, స్కాట్లండ్ కొండజనం తరాలుగా ఆడుతున్న ఫెల్ రన్నింగ్. మ్యాపు చదువుకుంటూ, దారి లేని చోట దారి చేసుకుంటూ, బురదలోనూ రాళ్ళలోనూ ఎక్కి దిగే పరుగు. 2015లో వేల్స్ కొండల మీద అయిదు రోజులపాటు సాగే డ్రాగన్స్ బ్యాక్ రేసులో ఆడా మగా అందరిలోకీ రెండోది ఆమే. ఆ మరుసటి ఏడాది లేక్ డిస్ట్రిక్ట్‌లో బాబ్ గ్రాహం రౌండ్ అనే 42 శిఖరాల పరుగును 15 గంటల 24 నిమిషాల్లో ముగించింది. ఆడవాళ్ళలో అప్పటిదాకా అంత వేగం లేదు. పత్రికలు తర్వాత ఈ సంగతులను ఒక వాక్యంలో దాటేశాయి. నాకు మాత్రం ఇక్కడే ఆగాలనిపిస్తుంది.

దారి మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ రేసు నడిచే పెనైన్ వే 1965 ఏప్రిల్‌లో తెరుచుకుంది. టామ్ స్టీవెన్సన్ అనే పత్రికా రచయిత 1935లో రాసిన వ్యాసంతో మొదలైన కోరిక నెరవేరడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. నడిచేవాళ్ళు పెరిగేకొద్దీ పీట్ నేల తొక్కిడికి చితికిపోయింది. దాంతో బురద మరీ ఎక్కువైన చోట్ల రాతి పలకలు పరిచారు. ఆ పలకల్లో చాలా భాగం మూతపడిన లంకాషైర్ నూలు మిల్లుల గచ్చు నుంచి ఊడదీసినవే. ఒకప్పుడు మన కోస్తా సాలెవాళ్ళ మగ్గాలను మూలన కూర్చోబెట్టిన బట్ట అలాంటి మిల్లుల్లోనే తయారైంది. ఇప్పుడు ఆ మిల్లుల నేల కొండ మీద బురదలో పడి ఉంది, తడి రాత్రుల్లో దాని మీద పరుగువాళ్ళ కాళ్ళు జారుతున్నాయి.

జనవరిలో వెలుతురు రోజుకు ఎనిమిది గంటలే. మిగతా పదహారు గంటలూ తలకు కట్టుకున్న లైటు చూపించినంతే లోకం. వానజల్లు ఆ వెలుతురులో గీతలు గీతలుగా మెరిసి దారిని కప్పేస్తుంది, మంచు పొగ కమ్మితే లైటు తిరిగి కళ్ళలోకే కొడుతుంది. చలి ఒక్కటే అయితే పరవాలేదు. తడి, గాలి, అలసట కలిసి వచ్చినప్పుడే ప్రాణం మీదికొస్తుంది. పరిగెత్తుతున్నంతసేపూ కండరాలు వేడి పుట్టిస్తాయి. అలసి అడుగు నెమ్మదించిందా, ఆ వేడి తగ్గుతుంది. తడి బట్టల మీద గాలి మిగిలిన వేడిని లాక్కుపోతుంది. అప్పుడు ఒళ్ళు వణుకుతుంది, ఆ వెంటే బుద్ధి మందగిస్తుంది. జిప్పు వేసుకోవాలని తోచదు, తోచినా వేళ్ళు వంగవు. ఈ రేసులో స్లీపింగ్ బ్యాగు, పొయ్యి, మ్యాపు, జీపీఎస్ లేనిదే బయల్దేరనివ్వరు. అవి సౌఖ్యానికి కాదు, సాయం వచ్చేదాకా బతికి ఉండటానికి.

ముందు వరసలో ఆమెతోపాటు కదులుతున్నవాడు కాటలోనియా నుంచి వచ్చిన యుజెని రొసెల్యో. 2013లో ఈ రేసు గెలిచాడు. ఇద్దరూ చాలా దూరం వెనకాముందుగా సాగారు. ప్రతి ఒక్కరి సంచికీ ఒక ట్రాకర్ ఉంటుంది. ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు ఫోన్లో మ్యాపు మీద చుక్కలు కదలడం చూస్తుంటారు. ఆ మూడు రోజులూ అందరికంటే ముందు కదులుతున్న రెండు చుక్కల్లో ఒకటి ఆడమనిషిది. చూసేవాళ్ళు నిద్ర మానుకోవడానికి అది చాలు.

ఇక చెక్‌పాయింట్లు. తడిసి ముద్దయిన మనిషి వేడిగా ఉన్న గదిలోకి వస్తుంది. కుర్చీ ఉంది, సూపు ఉంది, పక్క ఉంది. చెయ్యవలసినవి మాత్రం బోలెడు: నానిపోయి ముడతలు పడ్డ పాదాలను తుడిచి ఆరబెట్టాలి, మేజోళ్ళు మార్చాలి, లైటుకు కొత్త బ్యాటరీలు వెయ్యాలి, జేబుల్లో తిండి నింపాలి, ఆకలి లేకపోయినా తినాలి. వీటికి తోడు ఆమెకు ఇంకొకటి, పాలు తీసుకోవడం. అయిదు చెక్‌పాయింట్లలో నాలుగింట ఆ పని చేసింది. ఆ నిమిషాలు నిద్రలోంచి కోసుకున్నవే. మొత్తం రేసులో ఆమె ఆగింది ఏడు గంటలు. తిండి, బట్టలు, పాదాలు, పంపు అన్నీ ఆ ఏడింటిలోనే. నిద్ర మూడు గంటలు.

నాలుగు పగళ్ళకూ మూడు రాత్రులకూ కలిపి మూడు గంటల నిద్ర.

తర్వాత ప్రపంచమంతా ఈ పంపు కథే రాసింది. తల్లి మనసు గెలిపించిందన్నారు. చదవడానికి బాగుంటుంది, కానీ నేను ఒప్పుకోను. పాలు ఆమెను గెలిపించలేదు, ఆలస్యం చేశాయి. గెలిపించినవి వేరు: రాత్రిపూట మ్యాపు తప్పని కన్ను, బురదలో కాలు ఎక్కడ వెయ్యాలో తెలిసిన ఒళ్ళు, గదిలోకి వచ్చేముందే చెయ్యవలసిన పనుల వరస ఖాయం చేసుకున్న బుర్ర. పాప నిద్ర లేవకముందే, తెల్లవారుజామున చీకట్లో లేచి చేసిన సాధన. ఏడాదికి పైగా రాత్రిళ్ళు ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం అలవాటవడం కూడా కొంత కలిసొచ్చిందంటే కాదనను. అంతవరకే.

దారిలో ఎత్తయిన చోటు క్రాస్ ఫెల్, 893 మీటర్లు. బ్రిటన్‌లో తనకంటూ పేరున్న గాలి ఒక్కటే, హెల్మ్ విండ్. అది పుట్టేది ఈ కొండ మీదే. పడమటి వాలు మీదుగా గ్రామాల పైకి దూకినట్టు దిగుతుంది. శిఖరం దాటి కొద్దిగా దిగితే గ్రెగ్స్ హట్ అనే రాతి గుడిసె ఒకటి వస్తుంది. అది పాత గని పనివాళ్ళది. అక్కడ నుంచి ఆల్‌స్టన్, ఆ పైన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ, దాన్ని దాటితే చిత్తడి అడవులు, బెల్లింగమ్. మిగిలింది చీవియట్ కొండలు.

అసలు పరీక్ష అక్కడే. బైర్‌నెస్ అనే పల్లె వదిలాక నలభై కిలోమీటర్లకు పైగా ఊరు లేదు, రోడ్డు లేదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కంచె పక్కనే ఎక్కుడూ దిగుడూ. తలదాచుకోవడానికి రెండు చెక్క గుడిసెలు, అంతే. అప్పటికి ఆమెకు నిద్ర లేక మెదడు మెలకువలోనే కలలు కంటోంది. ఏ రాతిని చూసినా అందులోంచి ఏదో జంతువు బయటికి వస్తోంది. తను ఇక్కడ ఎందుకున్నదో, ఏం చేస్తున్నదో మాటిమాటికీ మరిచిపోతోంది. గుర్తు తెచ్చుకోవడం, మళ్ళీ మరవడం. ఉన్న బట్టలన్నీ తొడుక్కున్నా చలి. అయినా కంచె ఎడమనో కుడినో ఉండాలన్న సంగతి కాళ్ళకు తెలుసు.

ఆమె వెనకాల, అదే కొండల మీద యుజెని. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లుండగా ఆయన ఒళ్ళు ఇక కదలనంది. చలి లోపలికి దిగింది. సాయం కోసం పిలవక తప్పలేదు. రక్షణ బృందం వెళ్ళి ఆయన్ని కిందికి దించింది. మూడు రోజులకు పైగా అందరికంటే ముందు వరసలో ఉన్న మనిషి పేరు ఫలితాల పట్టికలో పూర్తి చేసినవాళ్ళలో లేదు. ఆయన ఓడాడని నేను రాయలేను. సాయానికి పిలవవలసిన క్షణాన్ని గుర్తుపట్టడం కూడా ఈ కొండల మీద బతకడం తెలిసినవాళ్ళు చేసే పనే.

బుధవారం రాత్రి ఏడుం పావు కావస్తుండగా జాస్మిన్ కర్క్ యెథోమ్‌లోకి దిగింది. ఊళ్ళో బోర్డర్ హోటల్ గోడను చేత్తో తాకితే రేసు ముగిసినట్టు. తాకింది. 83 గంటల 12 నిమిషాల 23 సెకన్లు. పక్కనే భర్త, ఆయన చేతుల్లో పాప. అంతకుముందు రికార్డు 2016లో ఐర్లండ్ పరుగువీరుడు ఓయెన్ కీత్‌ది, 95 గంటల 17 నిమిషాలు. ఆమె దానిని పన్నెండు గంటలకు పైగా తగ్గించింది. ఆడవాళ్ళ రికార్డు కాదు, మొత్తం రేసుదే. ఆ తర్వాత అయిదేళ్ళపాటు ఏ మగవాడూ ఆ సమయాన్ని అందుకోలేదు. 2024 జనవరిలో జాక్ స్కాట్ 72 గంటల 55 నిమిషాలకు దించాడు. ఆ మార్చిలోనే జాస్మిన్ అమెరికాలో టెనెసీ అడవుల్లో బార్క్‌లీ మారథాన్స్ పూర్తి చేసిన మొదటి మహిళ అయింది. అరవై గంటల గడువులో 99 సెకన్లు మిగిలి ఉండగా గేటు తాకి కిందపడిపోయింది.

2019 రేసులో రెండో స్థానం ఆ ఓయెన్ కీత్‌దే. గోడ తాకేసరికి గురువారం ఉదయం పది దాటి పద్దెనిమిది నిమిషాలు. ఆమెకూ ఆయనకూ మధ్య పదిహేను గంటలు. ఆ వేళకు దారి పొడుగునా ఇంకా ఎందరో నడుస్తూనే ఉన్నారు. వాళ్ళకు గడువు ఆదివారం ఉదయం ఎనిమిది దాకా ఉంది, అంటే ఇంకా మూడు రాత్రులు.