మంచుమీగడ

తెలుగులో మంచు అన్న మాట మిక్కిలి ఉదారమైనది. వేకువజామున గడ్డిపోచపై నిలిచిన బిందువూ మంచే, ధనుర్మాసపు బాటను కమ్మివేసే తెల్లని తెరా మంచే, హిమాలయ శిఖరాలపై పేరుకొన్న గడ్డా మంచే, శీతదేశాలలో దూదిపింజలై ఆకాశం నుండి రాలేదీ మంచే. తుషారం, నీహారం, తుహినం, ప్రాలేయం అని సంస్కృతం ఎన్ని పేర్లు పెట్టినా మన నోటికి ఈ రెండక్షరాలే చాలాయి. ఈ వ్యాసం చివరి మంచును గురించినది. ఆ మంచును గిన్నెలోకి ఎత్తి, పాలూ పంచదారా కలిపి తినే ఒక వంటకాన్ని గురించినది. వంటకం చిన్నదే గాని, దాని వెనుక నడచిన చరిత్ర చిన్నది కాదు.

అమెరికాలో దీనిని స్నో క్రీమ్ అంటారు. నేను మంచుమీగడ అని పిలుచుకొంటున్నాను. అక్కడ స్థిరపడిన నా పూర్వవిద్యార్థిని ఒకామె, "మాస్టారూ, దీనికి పొయ్యి వెలిగించే పని కూడా లేదండీ" అంటూ విధానం చెప్పింది. మంచు కురవడం మొదలైన కొంతసేపటికి వెడల్పాటి పళ్ళెం ఒకటి ఆరుబయట పెట్టాలి. అందులో నిండిన మంచును సుమారు 8 గిన్నెలు తీసుకొని, ఒక గిన్నె చల్లని పాలలో తగినంత పంచదార, కొద్దిగా వెనిలా, చిటికెడు ఉప్పు కలిపి దానిపై పోసి త్వరత్వరగా కలియదిప్పాలి. వెంటనే తినాలి. ఆలస్యమైతే మిగిలేది తియ్యని నీళ్ళే.

ఇందులోని కిటుకు సులభంగానే బోధపడుతుంది. అప్పుడే రాలిన మంచులో పదింట తొమ్మిది వంతుల దాకా గాలే ఉంటుంది. యంత్రం తిప్పి మీగడలోకి ఎక్కించవలసిన గాలిని ఇక్కడ ప్రకృతే ముందుగా నింపి పంపుతుంది. కరిగిన పంచదార నీటి గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది గనుక మిశ్రమం రాయిలా బిగిసిపోక మెత్తగా నిలుస్తుంది.

ఐస్‌క్రీము చరిత్ర అనగానే రోము చక్రవర్తి నీరో, ఇటలీ యాత్రికుడు మార్కోపోలో పేర్లు చెప్పడం రివాజు. మార్కోపోలో చైనా నుండి ఈ విద్యను తెచ్చాడన్న కథకు ఆయన గ్రంథంలో ఆధారమేమీ లేదు. ఆధారమున్న సంగతులు ఇంతకంటె రమ్యమైనవి. సుమారు వెయ్యేళ్ళ క్రితం జపాను అంతఃపురంలో కొలువు చేసిన సేయ్ షోనగొన్ అనే రచయిత్రి, తనకు సొగసుగా తోచిన వస్తువుల పట్టికలో, కొత్త లోహపు గిన్నెలో తీగరసపు తీపి కలిపిన మంచుతురుమును చేర్చింది.

మన దేశపు సాక్ష్యం అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలో ఉన్నది. సూరేకారం కరిగించిన నీటిలో కూజాను తిప్పి తాగే నీటిని చల్లబరచే పద్ధతిని అతడు కొలతలతో సహా వివరించాడు. 1586లో కొలువు పంజాబుకు తరలిన పిమ్మట, లాహోరుకు 45 క్రోసుల దూరాన ఉన్న ఉత్తరపు కొండల నుండి మంచు రాసాగింది. పడవలపైనా, బండ్లపైనా, మనుషుల భుజాలపైనా వచ్చేది. ఒక్కొక్క పడవకు నలుగురు పడవవాళ్ళు. వేసవిలో అన్ని అంతస్తులవారూ మంచు వాడతారనీ, ప్రభువులు మాత్రం ఏడాది పొడుగునా వాడతారనీ అబుల్ ఫజల్ వ్రాసుకొన్నాడు. చల్లదనానికీ హోదాకూ ఉన్న లంకె ఆ ఒక్క ముక్కలో తేటతెల్లమవుతుంది.

మంచు కురవని చోట మంచును పండించినవారూ ఉన్నారు. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు అలహాబాదు ప్రాంతపు పద్ధతిని లండను రాయల్ సొసైటీకి వ్రాసి పంపాడు. శీతాకాలపు సాయంత్రాలలో లోతులేని గుంటలలో చెరకుపిప్పి పరచి, దానిపై మట్టిమూకుళ్ళు పేర్చి నీళ్ళు పోసేవారు. తెల్లవారేలోగా పైన గడ్డకట్టిన పొరను ఏరి దాచేవారు. వేసవిలో పానకాలనూ మీగడనూ శంఖువు ఆకారపు వెండిపాత్రలలో పోసి, మూతలు పిండితో మూసి, మంచు, సూరేకారం, ఉప్పు నింపిన తొట్టిలో ఉంచేవారట. నేటి కుల్ఫీ ఇదే గదా! ఆ పేరు తాళమన్న అర్థమిచ్చే అరబ్బీ మాట నుండి పుట్టిందంటారు. మూత బిగించిన పాత్రకు అది తగిన పేరే.

అమెరికాలో 1843లో నాన్సీ జాన్సన్ అనే స్త్రీ చేతితో తిప్పే ఐస్‌క్రీము యంత్రానికి పేటెంటు పొందింది. దానికీ మంచుగడ్డా ఉప్పూ కావాలి. అంతకు పదేళ్ళ ముందే, 1833లో, బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ఓడ సరస్సుల మంచుగడ్డలతో కలకత్తా చేరింది. తరువాత మద్రాసు సముద్రతీరాన అతని మంచు దాచడానికి ఒక గుండ్రని భవనమే వెలసింది. 1897లో వివేకానందస్వామి బస చేసిన ఐస్‌హౌసు అదే. చలువ అమ్మకానికి వచ్చింది, కొనగలవారు కొన్నారు.

మంచుమీగడ ఈ వరుసకు దూరంగా నిలిచింది. దానికి మంచుకొట్టు లేదు, యంత్రం లేదు, వర్తకుడు లేడు. కొండప్రాంతపు పేదయింటి తల్లి కూడా ఆకాశం ఇచ్చినదానితో పిల్లలకు పండుగ చేయగలిగింది. అయినా ఆ గిన్నెలోనూ పరుల చెమట ఉన్నది. వెనిలా పువ్వును చేతితో పరాగసంపర్కం చేసే సులువైన పద్ధతిని 1841లో రీయూనియన్ దీవిలో కనుగొన్నది ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు. లోకమంతటికీ ఆ పరిమళం అందుబాటులోకి తెచ్చిన అతడు 1848లో దాస్యం నుండి విముక్తుడైనా, 1880లో పేదవాడుగానే మరణించాడు.

ఇక ఆకాశం సంగతి. 1951 జనవరి 27న అమెరికా ప్రభుత్వం నెవాడా ఎడారిలో అణుబాంబు పరీక్ష జరిపింది. రెండు రోజులకు, వేల కిలోమీటర్ల దూరాన ఉన్న రోచెస్టరు నగరంలో మంచు కురిసింది. అక్కడి కొడాక్ ఫిల్ముల కర్మాగారంలోని పరికరాలు ఆ మంచులో రేడియోధార్మికతను పసిగట్టాయి. 1945 నాటి తొలి పరీక్ష ధూళి పొట్లాల అట్టలలో చేరి తమ ఫిల్ములను పాడుచేసిన అనుభవం ఆ సంస్థకు ఉన్నది. సంస్థ ఫిర్యాదు చేసింది. ఫిల్ముల తయారీదారులకు పరీక్షల సమాచారం ముందుగా అందే ఏర్పాటు జరిగింది. పెరటిలో పళ్ళెం పెట్టిన తల్లులకు ఆ కబురు అందలేదు. పచ్చికపై రాలిన ధూళి ఆవుల ద్వారా పాలలోకీ చేరింది. ఈ వ్యత్యాసం 1997లో అమెరికా సెనేటు విచారణలో ప్రస్తావనకు వచ్చింది. మంచూ పాలూ కలిపిన గిన్నె కంటె ఫిల్ముచుట్ట విలువైనదయిన ఆ ఘట్టం చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1958లో సెయింట్ లూయిస్ నగరపు వైద్యులూ, శాస్త్రజ్ఞులూ, గృహిణులూ కలిసి పిల్లల పాలపళ్ళు సేకరించడం ఆరంభించారు. మన పిల్లలు ఊడిన పన్నును ఇంటికప్పుపైకి విసురుతారు. అక్కడి పిల్లలు కవరులో పెట్టి పంపారు. అలా చేరిన పళ్ళు మూడు లక్షల దాకా ఉంటాయి. పరీక్షలు పెరిగిన కొలదీ పళ్ళలో స్ట్రాంషియం-90 పెరిగిందని తేలింది. 1963 ఆగస్టులో వాయుమండలంలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందంపై అమెరికా, సోవియట్, బ్రిటన్ దేశాలు మాస్కోలో సంతకాలు చేశాయి. ఆ ఒప్పందానికి బలం చేకూర్చినవాటిలో ఆ చిన్నారి పళ్ళూ ఉన్నాయి.

నేడు మంచుమీగడకు భయం వాహనాల పొగతోనే ఎక్కువ. మొదట రాలే మంచు గాలిలోని మలినాన్ని తనతో దించుకొని వస్తుంది. కనుక కొంతసేపు కురవనిచ్చి, రహదారికి దూరంగా, శుభ్రమైన పళ్ళెంలో పట్టినదే తినడం మేలు. నా విద్యార్థిని ఇంట మొదటి పళ్ళెం మంచును పారబోసి, రెండవ పళ్ళెం మంచునే పిల్లలకు పెడతారట.