ఊడిన పన్నుకు కట్టు

నేను నందిగామలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ముందుపళ్ళు ఊడి వచ్చే పిల్లల్లో చాలామందికి దెబ్బ తగిలింది బోరింగు దగ్గరే. ఒకరు కొడుతుంటే ఇంకొకరు వంగి దోసిలి పడతారు. చెయ్యి జారిందంటే ఆ ఇనప హ్యాండిల్ ఎగిరి నేరుగా మూతికి తగులుతుంది. చందర్లపాడు నుంచీ వత్సవాయి నుంచీ, జగ్గయ్యపేట అవతలి పల్లెల నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు. పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వచ్చి ఎన్నాళ్ళో కాని వయసు. "పన్నేదమ్మా?" అంటే తల్లి చెప్పేది: "పేడలో పెట్టి ఇంటిమీదికి విసిరేశామండీ, మళ్ళీ వస్తుందని."

పాలపన్నుకైతే ఆ ఆచారంతో ఇబ్బంది లేదు. దాన్ని మేమూ తిరిగి పెట్టం, పెడితే కింద ఎదిగే పన్ను దెబ్బతింటుంది. అసలు పన్ను ఊడితే మళ్ళీ మొలవదు. కానీ వేళకు దాని గుంటలో పెట్టి కడితే నిలుస్తుంది. ఈ సంగతి వైద్యులకు నిన్నా మొన్నా తెలిసింది కాదు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మూడో అధ్యాయమంతా విరుగుళ్ళ వైద్యం. పడుచువాడి పళ్ళు విరగకుండా కదిలి నెత్తురు కారుతుంటే వాటిని లోపలికి నొక్కమనీ, పైన చల్లని పట్టు వేయమనీ, కలువ కాడతో పాలు తాగించమనీ అందులో ఉంది. ముసలివాడి కదిలిన పళ్ళ జోలికి పోవద్దంది. ఆ కలువ కాడ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దెబ్బతిన్న పంటితో రోగి ఏదీ కొరకకూడదని అంత దూరం ఆలోచించిన వైద్యుడతను. కట్టు వేసిన పిల్లలకు జావ, మెత్తన్నం పెట్టమని నేను చెప్పేదీ అందుకే.

తీగ కట్టు కథ కూడా పాతదే. జగ్గయ్యపేట ధనబోడు మీద బౌద్ధ స్తూపం లేవకముందే, క్రీ.పూ. 5వ శతాబ్దం నాటికి, మధ్యధరా తీరాన సీదోనులో ముందుపళ్ళను బంగారు తీగతో పక్కపళ్ళకు అల్లి కట్టారు. అలా కట్టిన దవడలు తవ్వకాల్లో దొరికాయి. పదో శతాబ్దంలో కార్డోబా వైద్యుడు అల్ జహ్రావి కూడా బంగారు తీగే మేలన్నాడు, వెండి కొద్ది రోజుల్లో చెడిపోతుందని. ఊడిన పన్నును గుంటలో పెట్టి కట్టడమూ రాశాడు.

కట్టు ఎంత బిగిస్తే పన్ను అంత నిలుస్తుందన్న నమ్మకం చాలాకాలం నడిచింది. మా తరం చేతుల్లోకి వచ్చిందీ అదే. దవడ విరిగితే వేసే ఆర్చ్ బార్‌నే ఊడిన పంటికీ వేసేవారు. సన్నని స్టీలు తీగను పళ్ళ సందుల్లో దూర్చి, మెలితిప్పి, కొస చిగురుకు గుచ్చుకోకుండా వంచి, నెలా నెలన్నర ఉంచేవారు. తీగ కింద అన్నం మెతుకులు ఇరుక్కుని చిగుళ్ళు వాచి, ఆ పసివాళ్ళు పడే బాధ చూడలేకపోయేవాళ్ళం.

దీన్ని మార్చింది కోపెన్‌హేగన్ వైద్యుడు యెన్స్ ఆండ్రియాసెన్. 1966లో ఆయన మరో వైద్యుడితో కలిసి, తిరిగి పెట్టిన 110 పళ్ళ సంగతి ప్రకటించాడు. అరగంటలోపు పెట్టిన వాటిలో 90 శాతానికి వేరు కరగలేదు. రెండు గంటలు దాటినవి దాదాపు అన్నీ కరిగాయి. వేరును ఎముకకు పట్టి ఉంచే సన్నటి పొర ఒకటుంది, అందులోని కణాలు ఎండితే చస్తాయి. ఊళ్ళో తల్లులు పాపం శుభ్రం కోసమని ఉప్పుతోనో బూడిదతోనో పన్ను తోమి తెచ్చేవారు. తోమితే పోయేది ఆ పొరే. బిగింపు కట్టును ఎక్కువ రోజులుంచితే వేరు ఎముకకు అతుక్కుపోతుందని కూడా తర్వాత తేలింది. పన్ను కాస్త ఆడాలి.

ఆ వదులు కట్టు చేతికందింది 1955లో అమెరికాలో బ్యూనోకోర్ కనిపెట్టిన పద్ధతి వల్ల. పంటి మీద ఆసిడ్ పూసి కడిగి ఆరబెడితే మెరుపు పోయి సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. ఆ గరుకు మీద కాంపోజిట్ చుక్క పెట్టి, 0.4 మిల్లీమీటర్లు మించని తీగను అందులో అద్ది, నీలి లైటు చూపిస్తే గట్టిపడుతుంది. తీగ లేకపోతే చేపల గాలానికి కట్టే సన్న నైలాను దారమైనా చాలు. మున్నేటి ఒడ్డు ఊళ్ళలో దానికి కరువా! చిగురుకు ఏదీ తగలదు. రెండు వారాలకు తీసేస్తాం.

బోరింగుల దెబ్బలు ఇప్పుడు తగ్గాయి. హైవే మీద బైకు ప్రమాదాలు పెరిగాయి. తలకు దెబ్బ తగిలిందని బెజవాడ పరుగెత్తే కంగారులో పన్ను రోడ్డు మీదే ఉండిపోతుంది. అందుకే స్కూళ్ళలో మాస్టార్లకు పదేపదే చెబుతుంటాను: పన్నును తెల్లగా ఉన్న పైభాగంతో పట్టుకోండి, తోమకండి, మట్టి ఉంటే కాస్త కడిగి వెంటనే గుంటలో పెట్టి రుమాలు కొరకమనండి. మీ చేత కాకపోతే గ్లాసుడు పాలలో వేసి తీసుకురండి. బర్రె లేని ఊరు మా వైపు లేదు.

ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. ఎనిమిదేళ్ళ పిల్లలకు వేరు కొస ఇంకా తెరిచే ఉంటుంది, పంటిలోకి నెత్తురు మళ్ళీ పారే అవకాశం ఉంది, కనిపెట్టుకుని చూస్తాం. పెద్దవాళ్ళకు ఆ రెండు వారాల్లోపే, కట్టు ఉండగానే రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. పన్ను కదలడం లేదు కదా అని మిరపకోతల రోజుల్లో రానేరారు. అందుకని కట్టు వేసిన పూటే ఆ తేదీ చీటీ మీద రాసి, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు కూడా తీసుకుంటున్నాను.