ఊపిరి మాస్కు - తలపట్టీల చరిత్ర

గురకను మనవారు చిరకాలముగా నవ్వులాటగానే చూచుచున్నారు. ఇంటిలో పెద్దవారు గురకపెట్టి నిద్రించినచో పిల్లలు కుంభకర్ణుని పేరెత్తి నవ్వుకొందురు. అది గాఢనిద్రకు గుర్తని పలువురి నమ్మకము. కాని ఆ గురక నడుమ హఠాత్తుగా నిలిచి, కొన్ని క్షణములు నిశ్శబ్దమై, పిదప రోగి ఉక్కిరిబిక్కిరియై ఊపిరి తీయుటను ప్రక్కనుండి చూచినవారు నవ్వజాలరు. నిద్రలో గొంతునందలి మెత్తని భాగములు సడలి గాలిదారిని మూసివేయుటయే దీనికి కారణము. ఊపిరి ఆగినప్పుడెల్ల మెదడు ఉలికిపడి నిద్రను చెదరగొట్టును. వ్యాధి తీవ్రమైనచో రాత్రికి వందలసార్లు ఇట్లు జరుగును. తెల్లవారిన పిదప రోగికి అది జ్ఞాపకముండదు. పగటి కునికిపాట్లు మాత్రము మిగులును. ఈ వ్యాధినే వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు.

దీనికి మందుగా వచ్చిన గాలియంత్రమును ఎరిగినవారు నేడు పెక్కుమంది కలరు. దాని మాస్కును రాత్రియంతయు ముఖమున నిలిపి యుంచు పట్టీలను గూర్చి ఆలోచించువారు తక్కువ. యంత్రమెంత గొప్పదైనను, పట్టీలు తగిలించుకొనలేని చేతికి అది లేనట్లే. కావున ఆ పట్టీల చరిత్రను కొంత తెలిసికొనుట మంచిది.

1965లో ఫ్రాన్సునందు గాస్టో బృందమువారును, జర్మనీయందు యుంగ్, కూలో అను వైద్యులును నిద్రలో ఊపిరి ఆగుటను యంత్రసాయమున నమోదు చేసిరి. తీవ్రరోగులకు ఆ దినములలో నమ్మదగిన చికిత్స యొక్కటే: గొంతుకు రంధ్రము చేసి గొట్టము నుంచుట. ప్రాణము నిలిచెడిది గాని, జీవితాంతము ఆ రంధ్రమును కాపాడుకొనవలసి యుండెడిది. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సల్లివన్ అను వైద్యుడు వేరొక మార్గము నారంభించెను. ముక్కు ద్వారా కొంచెము పీడనముతో గాలిని పంపినచో గొంతు మూసికొనదని ఆయన చూపెను. ఐదుగురు రోగుల వృత్తాంతము 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమయ్యెను. సీపాప్ అని నేడు పిలువబడు చికిత్సకు అదియే మొదలు.

ఆ తొలి మాస్కులను నిలిపినది జిగురు. రోగి ముక్కునకు అచ్చు తీసి, దానికి సరిపోవు మాస్కును చేసి, ప్రతి రాత్రియు సిలికోను జిగురుతో అంటించెడివారు, ఉదయమున ఊడదీసెడివారు. నడిరేయి దాహమైనను, తుమ్ము వచ్చినను రోగి పాట్లు ఊహింపవచ్చును. తరువాత మెత్తని అంచుగల మాస్కులును, వానిని తలకు కట్టు పట్టీలును వచ్చెను. రోగి తనంతట తాను లేచి మాస్కు తీసి, నీళ్లు త్రాగి, మరల పెట్టుకొనగలిగెను. ఈ చికిత్స ఆసుపత్రినుండి ఇంటి పడకగదికి వచ్చుటకు ఈ మార్పు ఎంతయో తోడ్పడినది.

పట్టీల కొసలను పట్టి యుంచునది వెల్క్రో. 1941లో స్విట్జర్లాండు ఇంజనీరు జార్జి ద మెస్త్రాల్ తన కుక్క బొచ్చునకు పట్టుకొన్న ముండ్లకాయలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వాని కొక్కెములను చూచి ఈ ఊహ పొందెను. మన పొలముగట్లపై ఉత్తరేణి గింజలు పంచెను పట్టుకొనుటను చూడనివారుందురా? ఆయన పరిశ్రమకు పేటెంటు 1955లో లభించెను.

అయితే వెల్క్రోతో ఒక చిక్కు కలదు. రాత్రి కొకసారి ఊడదీసి బిగించినచో బిగువు ప్రతిసారియు మారును. ఇచట ఒక చిన్న లెక్క చూడుడు. 10 సెంటీమీటర్ల నీటి పీడనమనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 10 గ్రాముల బరువు. ముక్కు మాస్కు వైశాల్యము 25 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, గాలి దానిని వెలికి నెట్టు బలము 250 గ్రాములు, అనగా పావుకిలో మాత్రమే. పట్టీలు అంతకు కొంచెము హెచ్చుగా పట్టిన చాలును. రోగి మాత్రము గాలి కారుచున్నదని ఇంకను బిగించును. మెత్తని అంచు నలిగి ముడుతపడును. గాలి మరింత కారును. ఉదయమునకు ముక్కుదూలముపై పుండు ఏర్పడును.

దీనికి రూపకర్తలు కనుగొన్న ఉపాయము సులభమైనది. కొలత కుదుర్చుట ఒక పని, తగిలించుట వేరొక పని. ఈ రెంటిని విడదీయవలెను. పట్టీ పొడవును వెల్క్రోతో ఒక్కసారి కుదిర్చి వదలవలెను. రోజూ తీయుటకు, పెట్టుటకు క్లిప్పు వేరుగా నుండవలెను. 2010 తరువాత అయస్కాంతపు క్లిప్పులు వ్యాపించెను. చీకటిలో దగ్గరకు తెచ్చిన చాలును, తామే అతుకుకొనును. కీళ్లవాపుతో వ్రేళ్లు వంగనివారికి ఇది గొప్ప మేలు. కాని 2022లో అమెరికా ఆహార ఔషధ శాఖ హెచ్చరిక చేసెను: ఈ అయస్కాంతములు శరీరములో నమర్చిన పేస్ మేకరు వంటి సాధనములకు 6 అంగుళములకంటె దగ్గరగా రారాదు. ప్రక్కన పరుండువారికి అట్టి సాధనమున్నను జాగ్రత్త అవసరమే. ఒక చేతికి సుళువైనది వేరొక గుండెకు అపాయమగుట ఇందు గమనింపదగినది.

ఇదంతయు స్వల్పవిషయమని తోచవచ్చును. 1993లో ప్రకటితమైన అమెరికా పరిశీలన యొకటి కలదు. రోగులకు తెలియకుండ యంత్రములోనే గంటలను లెక్కించి చూడగా, 10 దినములలో 7 దినములైనను, దినమునకు 4 గంటలైనను వాడినవారు సగముకంటె తక్కువయని తేలెను. కారణములు పెక్కు, అన్నియు పట్టీలవి కావు. అయినను ప్రతి రాత్రియు విసిగించు వస్తువును మనుష్యుడు త్వరలోనే మూలకు చేర్చును.

మన యిండ్ల సంగతి చూడుడు. కొప్పు గల తల్లికి వెనుకపట్టీ జారిపోవును. పక్షవాతము సోకిన తండ్రికి ఒక చేయి లేవదు. రోజూ రాత్రి కోడలిని పిలిచి మాస్కు పెట్టించుకొనుటకు మొగమాటపడి, యంత్రము పాడైనదని చెప్పి ఊరకుండు పెద్దలుందురు. వారి మొండితనమును నిందించుటకు ముందు వారి చేతులను చూడవలదా? ముక్కునోరు రెండును కప్పు మాస్కు విషయమున ఇది మరియు ముఖ్యము; వాంతియైనప్పుడు తక్షణము తానే తీసికొనలేనిచో ప్రాణమునకే అపాయము.

కావున కొనునప్పుడే ఆ పెద్దవారిని కూర్చుండబెట్టి, కన్నులు మూసికొని, బలము గల ఒక్క చేతితో మూడుసార్లు పెట్టి తీయుమని చెప్పుడు. జడను క్రిందికి దించియో, ప్రక్కకు వేసియో చూడుడు. సాగిపోయిన పట్టీని మరింత బిగింపక క్రొత్తది తెప్పించుడు. నాడు సిడ్నీలో మాస్కును అంటించుటకు ఇతరుల చేయి కావలసి వచ్చినది. మన యింటి వృద్ధులకు నేడును అట్లే కావలసివచ్చుచున్నచో, ఆ యంత్రము ఇంకను వారికి అందలేదనియే ఎంచవలెను.